ఉప్మా గాడి కాలు
(కుక్కపిల్లలకు కాలి ఎముక విరిగితే ఏం చేయాలి, ఏం చేయకూడదు)

వార్షికోత్సవ సంచికకు వ్యాసం పంపమని కబురు వచ్చినప్పుడు మేము నలుగురం ఫోన్లలో చాలాసేపు మాట్లాడుకున్నాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి వ్రాసేవారు ఎలాగూ ఉంటారు. మేము కుక్కపిల్ల కాలు గురించి వ్రాద్దామనుకున్నాం. నవ్వకండి. మెతుకులు మిగిలే చోట కుక్క ఉంటుంది. హాస్టల్ అన్నాక ఒక కుక్క, దానికి ఏటా పిల్లలు, హాస్టల్ ముందు ఒక రోడ్డు కూడా ఉంటాయి. కనుక ఈ విషయం మీకు ఏదో ఒక రోజు అక్కరకు వస్తుంది.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, 2003 వానాకాలంలో, మా హాస్టల్లో ఉప్మా అనే కుక్కపిల్ల ఉండేది. టిఫిన్ గంట కొట్టగానే వంటగది గుమ్మం దగ్గర ప్రత్యక్షమయ్యేది కాబట్టి ఆ పేరు పెట్టాం. దానికి మూడు నెలల వయసు ఉంటుందేమో. ఒక సాయంత్రం బియ్యం బస్తాలు దించిన ఆటో వెనక్కి వస్తుంటే చక్రం దాని వెనక కాలిని తొక్కింది. తొడ దగ్గర కాలు వేలాడిపోయింది. అది అరిచిన అరుపు మాకు ఇప్పటికీ గుర్తే.

మాలో ఇద్దరు స్కౌట్స్‌లో ప్రథమ చికిత్స నేర్చుకున్నవాళ్లు. మనిషి కాలు విరిగితే బద్దలు పెట్టి కదలకుండా కట్టాలని వాళ్లకు తెలుసు. వెదురు బద్దలు చీల్చి, పాత తువ్వాలు చింపి, తొడ నుంచి పాదం దాకా కాలును తిన్నగా చాచి గట్టిగా కట్టేశాం. పశువుల డాక్టరు గారికి చూపించండిరా అని వాచ్‌మన్ మామ అన్నాడు. బస్సు చార్జీలకు డబ్బులు ఎవరి దగ్గరా లేవు. పైగా మేము కట్టిన కట్టు మాకే ఎంతో ముచ్చటగా కనిపించింది. స్టోర్ రూమ్ పక్కన గోనెసంచి పరిచి, వంతులు వేసుకుని, నెల రోజులు చూసుకున్నాం.

కట్టు విప్పిన రోజున ఎముక అతికే ఉంది. తడిమి చూస్తే గట్టిగా ముడిలాగా తగిలింది. అందరం చప్పట్లు కొట్టాం. కానీ ఉప్మా ఆ కాలు మడవలేదు. మడవలేకపోయింది. మోకాలు కర్రలాగా బిగుసుకుపోయి, కాలు వెనక్కి చాచినట్టే ఉండిపోయింది. నడుస్తుంటే పాదం పైభాగం నేలకు రాసుకుని పుండు పడేది. ఇంకో నెల ఆగితే అదే సర్దుకుంటుందని ఒకరికొకరం చెప్పుకున్నాం. సర్దుకోలేదు.

ఆ తప్పు ఏమిటో తెలియడానికి మాకు ఏళ్లు పట్టింది. మాలో ఒకడు ఇంటర్ బైపీసీ చదివి పశువైద్యుడు అయ్యాడు. దానికి కారణం ఉప్మాయే అని మేము ముగ్గురం అంటాం, వాడు మాత్రం ఒప్పుకోడు. కింద వ్రాసిన శాస్త్ర విషయాలు వాడు చెప్పినవి. వాక్యాలు మావి.

లేత ఎముక తీరు వేరు

ఎముక అంటే ఎండిన కర్ర కాదు. లోపల మూలుగ, రక్తనాళాలు ఉండి, బయట ఒక పొర కప్పుకుని ఉన్న ప్రాణమున్న వస్తువు. కుక్కపిల్లల్లో ఆ పైపొర మందంగా, రక్తప్రసరణ బాగా ఉండి, కొత్త ఎముకను త్వరత్వరగా తయారుచేస్తుంది. అందువల్లే లేత ఎముక చాలాసార్లు రెండు ముక్కలు కాకుండా పచ్చికొమ్మ వంచినట్టు ఒకవైపు చిట్లి ఊరుకుంటుంది. విరిగినా చాలా త్వరగా అతుక్కుంటుంది. మూడు నెలల లోపు పిల్లకు 2, 3 వారాలు చాలవచ్చు. మూడు నుంచి ఆరు నెలల పిల్లకు 4 నుంచి 6 వారాలు. ఏడాది దాటిన కుక్కకైతే రెండు మూడు నెలలు కావచ్చు. మేము మూడు నెలల పిల్లకు నెల రోజులు కట్టు ఉంచామంటే, అవసరం తీరిపోయాక కూడా బిగించి ఉంచామన్నమాట.

రెండో తేడా ఇంకా ముఖ్యం. ఎదిగే వయసులో పొడవాటి ఎముక చివరల దగ్గర మెత్తని మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. దీన్నే గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. మామూలు కుక్కల్లో ఇవి ఎక్కువ భాగం ఏడాది లోపు గట్టిపడి మూసుకుపోతాయి, పెద్ద జాతుల్లో ఇంకొంత ఆలస్యం అవుతుంది. ఈ పలక చుట్టూ ఉన్న ఎముక కంటే, కీలును పట్టి ఉంచే తంతువుల కంటే కూడా బలహీనమైనది. పెద్ద కుక్కకు దెబ్బ తగిలితే కీలు తంతువు తెగే చోట, పిల్లకు ఈ పలక దగ్గర విరుగుతుంది. పిల్లల ఎముకల్లో ఇలాంటి విరుపులను టొరంటోకు చెందిన సాల్టర్, హారిస్ అనే ఇద్దరు డాక్టర్లు 1963లో ఐదు రకాలుగా విడదీశారు. మనుషుల కోసం చేసిన ఆ లెక్కనే పశువైద్యులు కుక్కలకూ వాడుతున్నారు. వాటిలో ఐదో రకం దొంగ రకం. పలక నలిగిపోతుంది కానీ ఆ రోజు ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. కొన్ని వారాల తరువాత కాలు వంకర తిరుగుతున్నప్పుడు బయటపడుతుంది.

దెబ్బ తగిలిన వెంటనే

ముందుగా మీ చేతులు జాగ్రత్త. ఎంత ముద్దు కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. మెత్తటి గుడ్డ పేలికతో మూతి చుట్టూ వేసి, గడ్డం కింద నుంచి చెవుల వెనక్కి తెచ్చి ముడి వేయాలి. అది ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టకూడదు. కరిచినా, గీరినా సబ్బుతో పారే నీటికింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. వార్డెన్ సార్ తిడతారని దాచిపెట్టకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవారు దాదాపు లేరు.

తరువాత కాలు కాదు, కుక్కను చూడాలి. బండి తగిలిన కుక్కకు కాలు విరగడం కంటికి కనిపించే దెబ్బ మాత్రమే. ఊపిరి ఎలా తీస్తోంది, చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా, తెల్లగా పాలిపోయాయా, మూత్రం పోస్తోందా అన్నవి ముఖ్యం. చిగుళ్లు పాలిపోయినా, ఎగశ్వాస వస్తున్నా లోపల రక్తం కారుతుండవచ్చు. అలాంటప్పుడు డాక్టరు ముందు ప్రాణం సంగతి చూసి, కాలును ఒకటి రెండు రోజులు ఆపుతారు. అది నిర్లక్ష్యం కాదు.

కాలును లాగి సరిచేయాలని చూడకండి. ఎముక బయటకు వచ్చి ఉంటే లోపలికి నెట్టకండి. పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ అద్దకుండా శుభ్రమైన తడిగుడ్డ కప్పి తీసుకెళ్లాలి. అట్టపెట్టెలోనో, పలకమీదనో దుప్పటి పరిచి పడుకోబెట్టి మోస్తే చాలు. మోకాలికి కింది భాగం విరిగితే దూది దండిగా చుట్టి, పైన అట్టముక్క పెట్టి వదులుగా కట్టవచ్చు. తొడ విరిగితే మాత్రం ఏ కట్టూ వద్దు. ఎందుకో ముందు చెబుతాం.

నొప్పికి మన మాత్రలు వేయకండి. ఐబుప్రొఫెన్ వంటివి కుక్కకు కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కూడా మన అంచనాతో వేసేది కాదు. పిల్లికైతే ఒక్క మాత్ర ప్రాణం తీయవచ్చు. (మాట వచ్చింది కనుక ఒక సంగతి. నొప్పికి పశువులకు వాడిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందులను చంపేస్తోందని తేలి, 2006లో మన దేశంలో పశువులకోసం దాని తయారీని నిషేధించారు. మా చిన్నప్పుడు చెరువుగట్టున కనిపించిన రాబందులు ఎటుపోయాయా అనుకునేవాళ్లం.)

కట్టా, పిన్నా?

పిండికట్టుకు ఒక నియమం ఉంది. విరిగిన చోటికి పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకుండా పట్టాలి. కుక్క ముందుకాలికి మోచేతి కింద, వెనక కాలికి మోకాలి కింద విరిగితే ఇది సాధ్యం. విరుపు నిలకడగా ఉంటే లేత పిల్లకు పిండికట్టుతోనే చక్కగా నయమవుతుంది. తొడ ఎముకకు పైకీలు తుంటి. ముందుకాలి భుజాస్థికి పైకీలు భుజం. వాటిని కట్టులో పట్టడం కుదరదు. మనం కట్టే కట్టు తొడ మధ్యకు వచ్చి ఆగిపోతుంది, అంటే సరిగ్గా విరిగిన చోటే దాని అంచు ఉంటుంది. అప్పుడు కట్టు బరువంతా విరుపు మీద లోలకంలాగా ఊగుతుంది. ఆపడానికి బదులు ఇంకా కదుపుతుంది. మా వెదురు బద్దలు చేసింది అదే.

అందుకే తొడ విరిగితే చాలావరకు ఆపరేషన్. మత్తు ఇచ్చి, మూలుగ ఉండే బోలులోకి స్టీలు పిన్ను దించుతారు. లేదా ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు, లేదా బయటినుంచి పిన్నులు గుచ్చి కడ్డీతో కలుపుతారు. పిన్ను ఖర్చు మామూలుగా ప్లేటు కంటే తక్కువ. విరుపు గ్రోత్ ప్లేట్ దగ్గరుంటే సన్నని, మరలు లేని నున్నటి పిన్నులు వాడతారు. మరలున్నది పలకను అడ్డంగా బిగించేస్తే ఎదుగుదల ఆగిపోతుంది. నున్నటి పిన్ను మీద ఎముక జారుకుంటూ పెరగగలదు. ఈ ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లో జరిగితే మంచిది. లేత ఎముక అతుకు వేయడం అంత త్వరగా మొదలుపెడుతుంది కాబట్టి, వారం ఆగితే వంకరగా మొదలైన అతుకును మళ్లీ విడదీయాల్సి వస్తుంది, అప్పుడు మెత్తని పలక ఇంకా నలుగుతుంది. పెద్ద కుక్క కంటే పిల్లకే తొందర ఎక్కువ అన్నది మాకు అప్పట్లో ఊహకు కూడా అందని విషయం.

పచ్చికొమ్మలా చిట్లి, ముక్కలు కదలకుండా ఉంటే ఏమీ చేయకుండా చిన్న గదిలో కట్టడి చేసి ఉంచడం కూడా వైద్యమే. కానీ అది ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పాలి. మండలంలో ఎక్స్‌రే లేకపోతే జిల్లా కేంద్రంలో అడగండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి.

అతికిన తరువాత వచ్చే కష్టాలు

పిల్లల్లో ఎముక అతకకపోవడం అరుదు. పమేరియన్ వంటి చిన్న జాతుల్లో ముందుకాలి రత్ని, అరత్ని కింది భాగంలో విరిగితే మాత్రం అక్కడ రక్తప్రసరణ తక్కువ కాబట్టి వట్టి కట్టుతో అతకకపోయే ప్రమాదం ఉంది. (జీవశాస్త్రంలో ఆ పేర్లు బట్టీ పట్టినప్పుడు ఇవి కుక్కకు కూడా ఉంటాయని మాకు తట్టలేదు.) మిగతా కష్టాలన్నీ అతికిన కాలుకు వచ్చేవే.

ఉప్మాకు వచ్చినది వాటిలో చెడ్డది. తొడ ముందుభాగాన నాలుగు కండరాల కట్ట ఒకటి ఉంటుంది, మోకాలిని చాచేది అదే. తొడ ఎముక విరిగినప్పుడు ఆ కండరానికీ దెబ్బ తగులుతుంది. కాలును చాచి కదలకుండా కట్టేస్తే, కొత్తగా ఊరుతున్న ఎముకకు ఆ కండరం అతుక్కుపోతుంది. కండ పీచులాగా మారి పొట్టిదవుతుంది. మోకాలు మడత పడదు. కీలు లోపలి నున్నటి పొర కూడా పాడవుతుంది. లేత పిల్లల్లో ఇది కొద్ది వారాల్లోనే జరిగిపోతుంది. ఒకసారి బిగుసుకున్నాక విడదీసే ఆపరేషన్లు ఉన్నాయి కానీ ఫలితం మీద నమ్మకం తక్కువ. చాలా కుక్కలకు చివరకు కాలు తీసేయడమే మిగులుతుంది. పైగా ఇది మొదటినుంచీ రాకుండా చూడగలిగిన జబ్బు. మేము గట్టిగా, ప్రేమగా, నెల రోజులపాటు కట్టకుండా ఉండి ఉంటే దానికి ఆ గతి పట్టేది కాదు. ఏ కట్టూ లేకుండా ఊరికే ఒక గదిలో వదిలేసినా ఎముక కొంచెం వంకరగా అతికి ఉండేది, కాలు పొట్టి అయి ఉండేది, మోకాలు మాత్రం బహుశా మిగిలేది.

పిండికట్టు మోకాలికి కింద వేసినప్పుడు భయం వేరు. పిల్ల రోజురోజుకూ ఎదుగుతుంది, కట్టు ఎదగదు. నిన్న వదులుగా ఉన్నది పది రోజుల్లో ఉరితాడు అవుతుంది. అందుకే వారానికోసారి అయినా డాక్టరుకు చూపించి, అవసరమైతే మార్పించాలి. కట్టు చివర మధ్య రెండు వేళ్లు కనిపించేలా ఉంచుతారు. రోజూ పొద్దున, సాయంత్రం వాటిని ముట్టుకుని చూడండి. గోళ్లు ఒకదానికొకటి దూరం జరిగితే వాపు. చల్లబడితే రక్తం ఆడటం లేదు. కట్టు నుంచి వాసన వస్తే, పిల్ల దాన్నే కొరుకుతుంటే లోపల పుండు. అదే రోజు తీసుకెళ్లాలి, మరునాడు కాదు. కట్టు తడిసినా అంతే. బయటకు తీసినప్పుడు పాలకవరు తొడిగి, లోపలికి రాగానే తీసేయాలి. కాలు కుళ్లిపోయి పోగొట్టుకున్న పిల్లలు చాలావరకు విరుపు వల్ల కాదు, కట్టు వల్ల పోగొట్టుకున్నవే అని మా డాక్టరు మిత్రుడు అంటాడు.

ఇక వంకర కాళ్లు. కుక్క ముందుకాలిలో రత్ని, అరత్ని పక్కపక్కనే ఎదుగుతాయి. అరత్ని కింది చివర ఉన్న గ్రోత్ ప్లేట్ గరాటు ఆకారంలో ఉంటుంది, అందువల్ల ఏ పక్కనుంచి దెబ్బ తగిలినా అది నలుగుతుంది. అరత్ని ఆగిపోయి రత్ని పెరుగుతూ ఉంటే, విల్లుకు కట్టిన నారిలాగా అరత్ని లాగుతుంది, రత్ని విల్లులా వంగుతుంది. పాదం బయటకు తిరుగుతుంది, మోచేతి కీలు తప్పుకుంటుంది. దెబ్బ తగిలిన పిల్ల కుంటకుండా తిరుగుతున్నా, రెండు ముందుకాళ్లను నెల రెండు నెలలపాటు పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తుండాలని అందుకే చెబుతారు. తొందరగా కనిపెడితే అరత్నిలో చిన్న ముక్క తీసి రత్నిని వదిలించవచ్చు.

దెబ్బే తగలకుండా ఎముక విరిగే పిల్లలూ ఉన్నాయి. వట్టి కోడిమాంసమో, వట్టి అన్నమో పెట్టి పెంచితే కాల్షియం చాలక, శరీరం ఎముకల్లోంచి దాన్ని లాగేసుకుంటుంది. మంచం మీదనుంచి దూకినా ఎముక మడత పడిపోతుంది. వీటికి ముందు ఆపరేషన్ కాదు, తిండి మార్చాలి. మెత్తటి ఎముకలో స్క్రూ నిలవదు. అలాగని కాల్షియం సీసాలు మనంతట మనమే తాగించకూడదు, పెద్ద జాతి పిల్లలకు అది ఎక్కువైనా ఎముకలు చెడతాయి.

లడ్డు సంగతి

కొన్నేళ్ల తరువాత పూర్వ విద్యార్థుల సమావేశానికి మేము హాస్టల్‌కు వచ్చిన రోజున, అప్పటి పిల్లలు అట్టపెట్టెలో ఒక కుక్కపిల్లను మోసుకొచ్చారు. పేరు లడ్డు, ఐదు నెలలు ఉంటాయి. ముందురోజు రాత్రి మోటారుసైకిలు తగిలిందట. వెనక కాలు, మోకాలికి కాస్త పైన. ఒక తమ్ముడు అప్పటికే బద్దలు చీల్చి పట్టుకుని ఉన్నాడు. మా డాక్టరు మిత్రుడు ఒక్క అంగలో వెళ్లి వాటిని లాక్కున్నాడు. ఆ తమ్ముడు భయపడిపోయాడు, తరువాత మేము కారణం చెప్పాం.

ఎక్స్‌రేలో తొడ ఎముక కింది గ్రోత్ ప్లేట్ దగ్గర విరిగి జారిపోయి ఉంది. చందాలు వేసుకున్నాం. మరుసటి రోజే రెండు సన్నని పిన్నులు కత్తెర గుర్తులా వేశారు. పిండికట్టు వేయలేదు. మోకాలు మడిచి ఉంచే మెత్తని కట్టు మూడు రోజులు ఉంచి తీసేశారు. అప్పటినుంచి పని పిల్లలదే. రోజుకు మూడుసార్లు, పూటకు పదిహేనుసార్లు, తుంటి దగ్గర ఒక చెయ్యి ఆనించి మోకాలిని మెల్లగా మడిచి చాచాలి. నొప్పికి డాక్టరు వ్రాసిన మందు వేసి కాసేపాగి చేయాలి. అరిస్తే అక్కడితో ఆపాలి, మరునాడు మళ్లీ అక్కడిదాకా రావాలి. స్టడీ అవర్ గంటకు ముందు వంతుల పట్టిక వ్రాసి గోడకు అంటించారు. తాడుతో నెమ్మదిగా నడిపించడం తప్ప పరుగులు, మెట్లు లేవు. కుట్లు మానాక పొలం బావి తొట్టిలో నీళ్లు నింపి ఈదించారు. ఆ తొట్టిలో కుక్కతోపాటు ఎంతమంది దిగారో వార్డెన్ సార్‌కు తెలియదు.

నాలుగు వారాలకు ఎక్స్‌రే తీసి పిన్నులు తీసేశారు. లడ్డు కాలు రెండో కాలికంటే కొద్దిగా పొట్టి. అది ఆ కాలి కీళ్లను కాస్త చాచి నిలబడి సరిచేసుకుంటుంది. తెలియనివారికి కనిపించదు.

ఉప్మా కాలును మాత్రం మేము పదో తరగతిలో ఉన్నప్పుడు తీసేయాల్సి వచ్చింది. పాదం మీది పుండు మానక, ఈసారి వార్డెన్ సారే తన జేబులోంచి ఇచ్చి జీపు పురమాయించారు. ఇంటికి తెచ్చిన వారానికి మూడు కాళ్లమీద వంటగది గుమ్మం దాకా పరుగెత్తింది. ఎనిమిదేళ్లు బతికింది. కొత్తగా చేరిన పిల్లలు దాని కాలు ఎలా పోయిందని అడిగితే కామాటి తాత, "మీ అన్నలు కట్టు కట్టారు" అని చెప్పేవాడట.